ఆరోగ్యమ్మ మాటకు కోట్స్

ఆ వారమంతా ఫిలోమినాకు ఎక్కడ కూర్చున్నా ముళ్ల మీద కూర్చున్నట్టే ఉంది. కంచం ముందు కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎందుకు లేచిందో గుర్తొచ్చేది కాదు. చేస్తున్న పనేమో చెబితే నలుగురూ నవ్వే పని. ‘రేవు కబుర్లు’ అనే వార్తల వెబ్‌సైటులో పాత వార్తలన్నింటికీ కొటేషన్ మార్కులు మార్చాలి.

ఆ సైటు ఓనరు దుర్గాప్రసాద్. విలేకరీ ఆయనే, ఎడిటరూ ఆయనే, యానాంలో మందుల షాపు పైన ఉన్న ఒంటి గది ఆఫీసులో ఏసీ రిమోట్ దాచుకునే మనిషీ ఆయనే. సైటుకు కొత్త రూపం ఇస్తున్న కాకినాడ డిజైనరు పాత పేజీలు చూసి, “ఏంటి సార్ ఈ నిటారు కోట్స్, మేకులు దిగ్గొట్టినట్టు? పుస్తకాల్లో ఉంటాయే, మాటకి రెండు పక్కలా వంపు తిరిగి, అవి పెట్టించండి,” అన్నాడట. ఇక ఆయనకు అదే పట్టుకుంది.

నిజానికి సాఫ్ట్‌వేరుతో ఒక్క నొక్కుకు అయిపోవాల్సిన పని. కానీ దుర్గాప్రసాద్‌కి ఒక అలవాటుంది. మనిషి మాట రాయడం అయ్యాక స్పేస్ బార్ ఒకసారి కొట్టి, అప్పుడు కోట్ పెడతాడు. ఖాళీ తర్వాత కోట్ కనబడేసరికి సాఫ్ట్‌వేరు ఇదేదో కొత్త మాట మొదలవుతోంది కాబోలనుకుని, దాన్ని కూడా తెరిచే వైపుకే వంచేసింది. దాంతో సైటులో ఎవరి మాటా ముగియలేదు. మున్సిపల్ అధికారులు నోరు తెరిచి మూయలేదు, రొయ్యల రైతుల సంఘం అధ్యక్షుడు మూయలేదు, పూల ప్రదర్శన ప్రారంభించిన పెద్దమనిషి అసలే మూయలేదు. ఒక్కొక్కటీ కంటితో చూసి మూయడం ఫిలోమినా ఉద్యోగం.

నోళ్లు మూయించే ఉద్యోగం ఎవరికి మాత్రం చేదు? ఆమె కూడా హాయిగా నవ్వుకుంటూ చేసేదే, ఆ వరసలో పులస వార్త ఒకటి రాబోతోందని తెలియకపోతే.

ఆ వార్త వాళ్లింట్లో అందరికీ కంఠతా వచ్చు. రెండేళ్ల కిందటిది. అందులో ఇలా ఉంది: “కొందరు మహిళలు సముద్రపు విలసను గోదావరి పులసగా నమ్మించి విక్రయించడం విచారకరం,” అని చేపల విక్రేత ఆరోగ్యమ్మ ఆవేదన వ్యక్తం చేశారు.

ఆరోగ్యమ్మ ఫిలోమినా తల్లి. విచారకరం అనే మాట పుట్టిన దగ్గర్నుంచీ ఆవిడ నోట రాలేదు. చేపల బజారులో ఆవిడ పక్కన ఏళ్ల తరబడి కూర్చున్నది వీరవేణి. ఇద్దరికీ ఒకటే గొడుగు, ఒకటే చద్దన్నం గిన్నె. తల్లి బేరంలో ఉంటే పసిపిల్ల ఫిలోమినా నిద్రపోయింది వీరవేణి ఒళ్లోనే. అలాంటిది, ఆ వార్త వచ్చిన రోజు కారులో వచ్చిన ఒకాయన వీరవేణికి ఫోను ఎత్తి చూపించి, “మీ పక్కావిడే చెబుతోంది కదమ్మా, మీదేం చేపో!” అని, కోసిన చేపను వదిలేసి పోయాడు. వీరవేణి లేచింది. కత్తిపీట ఎత్తుకుని, బజారు అటు చివరకు పోయి కూర్చుంది. ఆ తర్వాత ఇటు తిరిగి చూడలేదు.

“నేననలేదు,” అని ఆరోగ్యమ్మ కొన్నాళ్లు అందరికీ చెప్పింది. తర్వాత చెప్పడం మానేసింది. ఇప్పుడు పులసల కాలం మళ్లీ వస్తోంది. వచ్చేలోగా అమ్మ పేరు మీద ఉన్న ఆ అబద్ధం తీసేయించాలి, వీరవేణి అత్తను తిరిగి అమ్మ పక్కకు తేవాలి. ఫిలోమినా ఈ ఉద్యోగంలో చేరిందే అందుకు.

ఆ మధ్యాహ్నం పేజీ రానే వచ్చింది. ఆరోగ్యమ్మ మాట కూడా తెరుచుకుందే కానీ మూసుకోలేదు. కింద ఉన్న పులస పులుసు తయారీ దాకా అంతా ఆవిడే చెప్పినట్టుంది. ఫిలోమినా కుర్చీ వెనక్కు తోసి లేచింది.

“సార్, ఇది మా అమ్మ అనలేదండి.”

దుర్గాప్రసాద్ తొంగి చూశాడు. “మాట ఆవిడదేనమ్మా. భాష నాది. జనం అన్నది అన్నట్టు వేస్తే వార్తవుద్దా? కొంచెం ఇస్త్రీ చేస్తాం.”

“ఇస్త్రీ చేస్తే చొక్కాయే మారిపోద్దాండి?”

ఆయన రిమోట్ బల్ల మీద పెట్టాడు. అది ఆయన చేతిలోంచి దిగడం ఫిలోమినా ఎప్పుడూ చూడలేదు.

“మీ అమ్మ పరువు కాపాడేనమ్మా నేను. ఆవిడ చెప్పలేదా నీకు? ఇంటికెళ్లి అడుగు.”

స్కూటీ మీద వెళ్తుంటే గోదావరి రంగు మారుతున్నట్టు కనబడింది. పులసలు ఎదురీదే వరద ఎర్రనీరు వచ్చేస్తోంది. ఆ ధ్యాసలో ఇంటికి తిరగాల్సిన కనకాలపేట మలుపు దాటిపోయి మళ్లీ వెనక్కు తిప్పుకుంది.

ఆరోగ్యమ్మ పెరట్లో బుట్ట రుద్దుతోంది. కూతురు అడిగింది విని కూడా రుద్దుతూనే ఉంది. ఫిలోమినా గుమ్మం నుంచి నుయ్యి దాకా, నుయ్యి నుంచి గుమ్మం దాకా తిరిగింది.

“కూర్చోవే. కళ్లు తిరుగుతన్నాయి నాకు.”

“కూర్చోలేనమ్మా. ఏమన్నావో చెప్పు.”

“పులస దొరకని రోజున ఏం చేస్తారమ్మా అని అడిగేడు. వీరవేణి ఐసుకెళ్లింది. నవ్వుకుంటా చెప్పేసేను. ఐసు పెట్టెలో విలస ఉంటది కదా బాబూ, నేనూ అమ్మేను, అన్నాను. అతనేమో నన్ను తప్పించి, కొందరు మహిళలు అని రాసేసేడు.”

“మరి అత్తకి ఆ రోజే చెప్పొచ్చుగా?”

“ఏమని? బజారు మధ్యలో నుంచుని, దొంగని నేనేనని అరవమంటావా? అప్పటికే నేను మంచిదాన్నయిపోయేను. ఆదివారం పూజయ్యేక ఫాదరు గారు కూడా మెచ్చుకున్నారు, ధైర్యంగా మాట్లాడేవమ్మా అని.” ఆరోగ్యమ్మ బుట్ట బోర్లించింది. “మంచిదానిలా ఉంటం బానే ఉంది, కొన్నాళ్లు.”

ఫిలోమినాకు ఒళ్లు మండిపోయింది. రెండేళ్లుగా దుర్గాప్రసాద్ మీద పెంచుకున్న కోపం ఇప్పుడు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. అమ్మ మీద పెడదామంటే, తడి చేతులతో అలా నిలబడ్డ మనిషిని చూస్తే ఏడుపొచ్చింది. ఏడుపొచ్చినందుకు మళ్లీ కోపమొచ్చింది.

“ఆ గుర్తులు ఎందుకే అసలు?” అంది ఆరోగ్యమ్మ.

“లోపలున్నది ఆ మనిషి అన్నదేనని. ఒక్క ముక్క ఎక్కువా లేదు, తక్కువా లేదని.”

“అయితే నేనన్నది పెట్టు.”

“రేపో ఎల్లుండో పులసలొస్తాయి. నీ బుట్ట దగ్గరికి ఎవరొస్తారమ్మా ఇక?”

“అది నాకొదిలెయ్యి.”

ఆరోగ్యమ్మ చేతులు చీరకు తుడుచుకుని, ఫొటోకు కూర్చున్నట్టు మెట్టు మీద నిటారుగా కూర్చుంది. చెప్పడం మొదలుపెట్టింది. ఫిలోమినా ఫోనులో టైపు చేసుకుంది. మధ్యలో ఒకచోట ఆగి, “ఒక్కసారేనా అమ్మా?” అంది.

“అన్నది రాయవే.”

మర్నాడు పొద్దున్న దుర్గాప్రసాద్ ఆ ముక్క చదివి తల పట్టుకున్నాడు. “అమ్మేను ఏంటమ్మా? అమ్మాను అని మార్చు కనీసం,” అని మౌసు కోసం చెయ్యి చాపాడు. ఫిలోమినా మౌసును అటు పక్కకు జరిపేసింది. ఆయన ఆమె ముఖం చూశాడు, స్క్రీను చూశాడు, కాసేపు గొణుక్కున్నాడు. “సరే పెట్టు. అప్పుడు రాసింది తప్పని కింద నా పేరు కూడా వెయ్యి,” అన్నాడు చివరికి. పాపం, ఆ మాత్రం మర్యాద ఆయనకుంది.

ఫిలోమినా తెరిచే కోట్ పెట్టింది. తల్లి మాటలు పెట్టింది. ఖాళీ వదలకుండా మూసే కోట్ పెట్టింది.

“కొందరో ఎవరో కాదు. ఐసు పెట్టెలో విలస తీసి పులసని చెప్పి అమ్మింది నేను. ఒక్కసారే అమ్మేను. వీరవేణి అలాంటి పని ఎప్పుడూ చెయ్యలేదు.”

లింకు వీరవేణి కోడలు కనకదుర్గకు పంపింది. చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు. సాయంత్రం దాకా ఫోను తీయడం, పెట్టడం, మళ్లీ తీయడం.

తెల్లారేసరికి ఎర్రనీళ్లు, వాటితోపాటు జనం. ఫిలోమినా ఆఫీసు మానేసి తల్లితో బజారుకు వచ్చింది. బుట్టలో నిగనిగలాడే పులసలు రెండున్నాయి, నిఖార్సయినవి. వచ్చిన ప్రతివాడూ ఆరోగ్యమ్మ ముందు ఒక క్షణం ఆగి, నవ్వి, ముందుకు పోతున్నాడు. ఒక కుర్రాడైతే, “ఇది గోదారిదా మామ్మా, ఐసు పెట్టెదా?” అని కూడా అడిగాడు. ఆరోగ్యమ్మ చేపల మీద నీళ్లు చల్లుకుంటూ తల ఎత్తలేదు. నేనే అమ్మను నడిబజారులో కూర్చోబెట్టాను కదా అనుకుంది ఫిలోమినా. కూర్చోలేక, వెళ్లిపోలేక, గొడుగు విప్పడం మూయడం చేస్తోంది.

అప్పుడు బజారు అటు చివరి నుంచి వీరవేణి వచ్చింది. నెత్తిన బుట్ట, చేతిలో కత్తిపీట. ఆరోగ్యమ్మ ముందు ఆగింది. చుట్టుపక్కల బేరాలు ఆగిపోయాయి.

“ఒక్కసారేనంట!” అంది వీరవేణి గట్టిగా. “ఇదైనా నువ్వన్నదేనా, ఇది కూడా ఆ మహానుభావుడు దిద్దిందేనా?”

“నేనన్నదే.”

“నేను ఎప్పుడూ చెయ్యలేదని, అది?”

“అదీ నేనన్నదే.”

వీరవేణి బుట్ట దించింది. కత్తిపీట పాత చోట వేసి కూర్చుంది. కొంగు సర్దుకుంది, చేపలు సర్దింది. ఒక బేరం తిప్పి పంపింది. ఆ తర్వాత ఆరోగ్యమ్మ వైపు వంగి, గొంతు బాగా తగ్గించింది.

“ఆ ఐసు పెట్టె మనిద్దరం చెరో పక్కా పట్టుకుని కదే మోసుకొచ్చింది ప్రతిసారీ. ఆ విలేకరికి నా పేరు చెప్పేసేవేమోననే కదా నేను లేచిపోయింది.”

ఆరోగ్యమ్మ పెదవి బిగబట్టింది. కళ్లు మాత్రం తడిశాయి.

“మెల్లిగా అనవే,” అంది. “కోట్స్ పెట్టే పిల్ల ఇక్కడే ఉంది.”

ఫిలోమినా ఏమీ విననట్టు వాళ్లిద్దరి వెనకా నేల మీద కూర్చుని, గొడుగు విప్పి ఇద్దరి మీదకూ పట్టింది.