రాజు వేషం పెద్దమ్మ

మధ్యాహ్నానికే ఎక్స్-రే గదిలో నిలబడి నిలబడి ఆమె కాళ్ళు పీక్కుపోయాయి. డ్యూటీ దిగబోతుండగా అమ్మ ఫోన్ చేసింది.

"మా చిన్నాన్న తోడల్లుడి కూతురు, నాకు అక్క వరస. తుంటి విరిగి మీ ఆసుపత్రిలోనే ఉందట. ఒకసారి మొహం చూపించి రావే."

"నా మొహం నేను చూసుకునే ఓపికే లేదమ్మా."

అన్నదే గానీ, ఎముకల వార్డుకి కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళింది. కిటికీ పక్క మంచం మీద పొడుగాటి మనిషి. పొట్టిగా కత్తిరించిన తెల్లజుట్టు, బొంగురు గొంతు, ముక్కు మీద కోపం. వరస విడమరిచి చెబితే, "నాకింతమంది చుట్టాలున్నారా" అని గోడవైపు తిరిగింది.

నర్సు వాకర్ తెచ్చి లేవమంది.

"రేపు."

"రోజూ అదే మాటండీ" అని నర్సు నిట్టూర్చింది.

ఎదుటి మంచం మీది పేషెంటు భర్త ఒక ముసలి దర్జీ. పెద్దమ్మ గొంతు విని చటుక్కున లేచాడు.

"మీరు రాజు కదండీ? మీసం లేదు గానీ గొంతదే. మీరు సభలోకి నడిచొస్తుంటే ఏడ్చే పిల్లలు కూడా నోరు మూసేవాళ్ళు. రాజు వేషం కట్టింది ఆడమనిషంటే మా నాన్న నమ్మక, పందెం కాసి ఓడిపోయి, నెల్లాళ్ళు మాతో మాట్లాడలేదు."

పెద్దమ్మ దుప్పటి గొంతు దాకా లాక్కుంది.

ఆమె వరండాలోకి వెళ్ళి ఫోన్‌లో అమ్మని నిలదీసింది.

"అవునే. ఊరూరా పేరుండేది. మగవేషాలు కడుతుందని మనవాళ్ళు ఏ శుభకార్యానికీ పిలిచేవారు కాదు. ఇప్పుడెందుకులే ఆ గొడవ."

ఆమె లోపలికొచ్చి మంచం పక్కన నిలబడింది.

"పెద్దమ్మా, రాజు ఎలా నడిచేవాడు?"

పెద్దమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "తొందర పడేవాడు కాదు. వాడి కోసం లోకమంతా ఆగేది."

"అయితే మేమూ ఆగుతాం. లేవండి."

పెద్దమ్మ వాకర్ పట్టుకుని లేచింది. వంగిన నడుము కొంచెం కొంచెంగా నిటారయింది. గడ్డం పైకెత్తి, కళ్ళు ఎక్కడో దూరాన నిలిపి అడుగు వేసింది. వార్డులో మాటలు ఆగిపోయాయి. తలుపు దాకా వెళ్ళేసరికి మోకాళ్ళు వణికాయి. ఆమె వెంటనే పెద్దమ్మ నడుం చుట్టూ చెయ్యి వేసి పట్టుకుంది. దర్జీ చప్పట్లు కొట్టబోయాడు.

"వద్దు బాబూ" అంది పెద్దమ్మ ఆయాసపడుతూ. "ఇప్పుడు చప్పట్లు కూడా మొయ్యలేను."

ఆ నడక గురించి విన్నాక అమ్మ ఊరుకుంటుందా, సంగతి అందరి చెవినా వేసింది. ఆ వారమంతా చుట్టాలు పళ్ళు పట్టుకుని వచ్చారు, పక్కన నిలబడి ఫొటోలు దిగారు. పెద్దమ్మ ప్రతివాళ్ళ ముందూ నిద్ర నటించింది.

ఒక సాయంత్రం ఆమె డ్యూటీ దిగి వచ్చేసరికి పెద్దమ్మ ఒక కన్ను తెరిచింది. "పోయారా?"

"పోయారు."

"అప్పట్లో నా నాటకం చూశానని ఒక్కడూ ఒప్పుకోలేదు. ఇప్పుడందరూ ముందు వరసలోనే కూర్చున్నారట."

ఆమెకు నవ్వొచ్చింది గానీ నవ్వే ఓపిక లేక స్టూలు మీద కూలబడింది. పెద్దమ్మ ఆమె వాచిన పాదాలు చూసి, కొంచెం పక్కకి జరిగి, మంచం అంచున చోటు చూపించింది.

"పైన పెట్టుకో. నర్సు తిడితే నే చెప్తాలే."

ఆమె చెప్పులు విడిచి కాళ్ళు చాపుకుంది.