గుంటూరులో మైనస్ నలభై

నేను ఒక సెన్సార్‌ను. చిటికెన వేలి కొసంత ఉంటాను. కారు ముందు బంపర్ లోపల, రోడ్డుకేసి చూస్తూ కూర్చుని, బయట ఎంత వేడిగా ఉందో లోపలి కంప్యూటర్‌కు చెప్పడం నా పని. నా మాట విని అది ఏసీ ఎంత నడపాలో తేల్చుకుంటుంది. కారులో కూర్చునేవాళ్లకు నేనున్నానని కూడా తెలియదు. చల్లగా ఉంటే కంపెనీని మెచ్చుకుంటారు, ఉక్కపోస్తే డ్రైవర్‌ను తిడతారు.

పుట్టగానే నన్ను మంచులో ముంచారు, తర్వాత కాగే నూనెలో ముంచారు. రెండు చోట్లా నిజమే చెప్పానని కారుకు బిగించారు. నా లోపలి కిటుకు చిన్నదే. వేడెక్కితే నాలోంచి కరెంటు సులువుగా పోతుంది, చల్లబడితే కష్టంగా పోతుంది. అసలు పోవడమే మానేస్తే, బయట గడ్డకట్టే చలి ఉందని కంప్యూటర్ నమ్ముతుంది. అంత చలిలో ఏసీ ఎందుకని ఆపేస్తుంది. నా చేతిలో ఉన్న కత్తి అదొక్కటే.

మా యజమాని యలమందరావు గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి. కారు ఇంటికొచ్చిన రోజే ముందు జాలీకి ఇనప తీగ కట్టి, నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ గుచ్చి, సరిగ్గా నా నెత్తిన వేలాడదీశాడు. శనివారం శనివారం కొత్తవి కట్టేవాడు కానీ పాతవి తీసేవాడు కాదు. అవి కుళ్లి, రసం కారి, నా ప్లగ్గులో చేరేది. పులుపుకు నా లోహపు కాళ్లు పచ్చగా చిలుం పట్టాయి. తన కారుకు దిష్టి తగలకూడదని నా ఒంటి మీద పుండు చేశాడు.

అది నా సొంత పగ. దానికంటే పెద్దది ఇంకొకటి ఉంది.

నాంచారమ్మ అతని చనిపోయిన అన్నగారి భార్య. ఆ ఇంట్లోనే వెనక గదిలో ఉండేది. పొద్దున కారు బయల్దేరే వేళకు ఆమె ముందుకు రాకూడదు. మొగుడు పోయినామె ఎదురొస్తే బేరం చెడుతుందట. పాల ప్యాకెట్ కోసమో, కూరలమ్మే ఆమె పిలిచిందనో గేటు దగ్గర కనిపించిందా, "ఒరేయ్ మస్తానూ, ఎనక్కి తియ్యరా!" అని అరిచేవాడు. కారు మళ్లీ లోపలికి వచ్చేది. ఆయనగారు దిగి, కాళ్లు కడుక్కుని, మంచినీళ్లు తాగి, మళ్లీ ఎక్కేవాడు. ఎదురెవరొచ్చారో అందరికంటే ముందు చూసేది నేనే కదా. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, దొంగతనం చేసినదానిలా ఆమె గోడకు అంటుకుపోయేది. తాను చెడ్డ శకునమని ఆమె కూడా నమ్మింది. నాకు అన్నిటికంటే మండింది అక్కడే.

రోహిణి కార్తెలో ఒకరోజు విజయవాడ నుంచి పెద్ద ఎగుమతి వ్యాపారి వచ్చాడు. అతన్ని యార్డుకు తీసుకెళ్లే వేళకు నాంచారమ్మ కుళాయి దగ్గర నుంచి నిండు బిందెతో వచ్చింది. నిండు బిందె మంచి శకునమేనట, మోసేది ఆమె అయితే మాత్రం కాదట.

"పొద్దున్నే తగలడ్డావా మొహమేసుకుని?" అన్నాడు, వచ్చిన పెద్దమనిషి ముందే.

చిలుం పట్టిన నా కాలు ఒకటి అప్పటికి ఎలాగో తీగను పట్టుకుని ఉంది. వదిలేశాను.

చుట్టుగుంట సెంటర్ దాటేసరికి కారు ఆవిరి కుడుము కుండలా అయింది. తెర మీద నా మాట వెలిగింది. మైనస్ నలభై.

"బయట మైనస్ నలభై అని చూపిస్తందేందయ్యా?" అన్నాడు వ్యాపారి చెమట పిండుకుంటూ.

"అది లోపలి చల్లదనమండీ. కొత్త మోడలు."

డ్రైవర్ మస్తాన్ నవ్వాపుకోలేక దగ్గాడు. వ్యాపారి కారు ఆపించి దిగిపోయాడు. "ఆటోలో అయితే గాలన్నా తగిలిద్ది" అంటూ వెళ్లినవాడు యార్డుకు రానేలేదు. నా కడుపు చల్లబడింది.

అది ఒక్క పూట ముచ్చటే. ఏసీ షాపువాడు గ్యాసు నింపాడు, పనిచెయ్యలేదు. ఫ్యాను మార్చాడు, పనిచెయ్యలేదు. అప్పుడు యలమందరావు తీర్పు చెప్పాడు. "ఇది మిషను రోగం కాదు. వదిన ఎదురొచ్చింది, అది చచ్చింది. వదినా, అమరావతి దగ్గర ఆశ్రమం ఉంది. రేపు మస్తాను దింపొస్తాడు."

"నా మూలాన మీకు నష్టం దేనికిలే" అని ఆమె చీరలు మడత పెట్టుకుంది.

అతని మీదికి నేను విసిరిన కత్తిని తీసి ఆమె మెడ మీద పెట్టాడు! నాకు ఒళ్లు మండిపోయింది.

అంత మాట అన్నా, ఉక్క భరించలేక ఆ సాయంత్రమే కారును సర్వీసు సెంటర్‌కు తీసుకెళ్లాడు. ఫణీంద్ర అనే మెకానిక్ స్కానర్ తగిలించి చూసి, బంపర్ విప్పి, నన్ను పీకి మీటరు పెట్టాడు. కొత్త సెన్సార్ బిగించగానే చల్లగాలి కొట్టింది.

"గ్యాసుకేం కాలేదు సార్. బయట చలిగా ఉందని ఇది చెప్తంటే ఏసీ ఆగిపోయింది."

"అది మాత్రం ఎందుకు పోయింది? ఆమె చూపు తగిలే."

"చూపు కాదు సార్, నిమ్మకాయ. కాళ్లన్నీ తినేసింది చూడండి."

యలమందరావు చూడలేదు. ఏసీ వచ్చినా ఆశ్రమం మాట మార్చలేదు. చెత్తడబ్బాలో పడ్డ నన్ను మస్తాన్ తీసి జేబులో వేసుకున్నాడు.

మర్నాడు నాంచారమ్మ సంచీతో కారు దగ్గరికొచ్చింది. మస్తాన్ నన్ను ఆమె అరచేతిలో పెట్టి జరిగిందంతా చెప్పాడు. ఆమె నన్ను ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. కుళ్లిన నిమ్మకాయ వాసన ఇంకా పోలేదు.

"అయితే నేను ఎదురొచ్చినందుకు కాదా?"

"కాదమ్మా. మీరు ఆ గదిలోంచి కదలకపోయినా పోయేదే."

"మరి అంతకుముందు జరిగినయ్యన్నీ?"

ఆమె మెట్టు మీద కూర్చుండిపోయింది. ఏడుస్తుందనుకున్నాను. గుప్పిట బిగించింది. నా కాళ్లు ఆమె చేతికి గుచ్చుకున్నా వదల్లేదు.

యలమందరావు బయటికొచ్చాడు. "ఇంకా ఎక్కలేదా వదినా?"

"ఎక్కను. ఈ ఇంట్లో సగం మీ అన్నగారిది. ఎనక గది నీ మిరపకాయల బస్తాలకిచ్చుకో. వీధి గది నాది."

"వదినా, పద్ధతిగా మాట్లాడు!"

"మాటలెందుకు అబ్బాయ్? రోజూ పొద్దున్నే కనపడతాగా."

ఇప్పుడు నేను వీధి గది కిటికీలో ఉన్నాను. ఎందుకూ పనికిరాను, అయినా నాకంటే మంచి చోటు దొరికిన సెన్సార్ లేదు. రోజూ కారు స్టార్టవగానే నాంచారమ్మ తల దువ్వుకుని వచ్చి గేటుకెదురుగా నిలబడుతుంది. మొదట్లో అతను కారు వెనక్కి తీయించేవాడు. ఆమె కదిలేది కాదు. మళ్లీ నీళ్లు తాగేవాడు. ఆమె అక్కడే ఉండేది. యార్డులో వేలం పాటలు అయిపోయాక చేరుకోవడం మొదలయ్యేసరికి, వెనక్కి తియ్యమనడం మానేశాడు.

కొత్త సెన్సార్ నిజమే చెబుతోంది, ఏసీ బాగా పనిచేస్తోంది. అయినా యలమందరావు కళ్లు గట్టిగా మూసుకుని, మెడ మీద చెమటలు కారుతుండగా ఆమె పక్కనుంచి పోతాడు. ఆమె వంగి, అద్దం దగ్గర నోరు పెట్టి, "ఎళ్లిరా నాయనా" అంటుంది.