సుడిని కొలిచిన బంతి

నేను ఒక తేలే బంతిని. పుచ్చకాయంత ఒళ్లు, లోపల బ్యాటరీలు, కింద నీళ్లలోకి వేలాడే పొడవాటి గుడ్డ గొట్టం. నన్ను బంగాళాఖాతంలో వదిలిన ఇందుమతి గారు విశాఖలో కూర్చుని, సముద్రంలో రోజుల తరబడి తిరిగే పెద్దపెద్ద సుడులను కొలుస్తారు. నేనెక్కడున్నానో, నీళ్లెంత వేడిగా ఉన్నాయో గంటకోసారి ఉపగ్రహానికి చెప్పడమే నా ఉద్యోగం. విన్నది ఒడ్డుకు పంపడం నాకు నేర్పలేదు. ఆ సంగతి నా మీద ఎక్కడా రాయలేదు. ఒక ఫోన్ నంబరు మాత్రం అంటించారు, నడిసముద్రంలో సిగ్నల్ ఉంటుందన్నట్టు.

ఒకరోజు ఇంజను చెడిన బోటొకటి నా పక్కకు కొట్టుకొచ్చింది. అందులో ఇద్దరే జాలరులు. ఒకరి పేరు పరదేశి, రెండో అతను ఆయన బావమరిది దానయ్య. పరదేశి నన్ను పైకి లాగి, గొట్టాన్ని మాత్రం నీళ్లలోనే ఉంచాడు. ఆ గొట్టం లంగరులా పట్టి లాగడంతో బోటు నాతోపాటే సుడిలో తిరగసాగింది. నా అడుగున నీటి వేడి చూసే లోహపు బొత్తం ఉంది. పరదేశి దాన్ని మైకు అనుకున్నాడు. రోజూ పొద్దున ఆరింటికి దాన్ని అరచేత్తో పట్టుకుని, "బాబూ, ఇద్దరం ఉన్నాం. నీళ్లు అయిపోతన్నాయి" అని చెప్పేవాడు. జవాబు కోసం చాలాసేపు చెయ్యి తీసేవాడు కాదు.

నాలుగో రోజు తూర్పు గాలి లేచింది.

"బావా, తార్పాలుతో తెరసాప కడదాం. దీన్నొగ్గేసి ఒడ్డుకి పోదాం" అన్నాడు దానయ్య.

"వద్దురా. ఇది గవర్మెంటోలది. అటుపక్క ఎవులో ఇంటన్నారు. దీంతో ఉంటేనే అగుపడతాం."

నన్ను వదిలెయ్యమని అరవాలనిపించింది. నాకు నోరేది?

ఒడ్డున ఇందుమతి గారు సంబరపడుతున్నారు. తెర మీద నా దారి నాలుగు చుట్లు, చక్కగా గుండ్రంగా! నా వేడి అంకెలు తిక్కతిక్కగా వస్తుంటే, బొత్తం పాడైందని కంప్యూటరు వాటిని తీసి పారేసింది. సుడి వెడల్పు నలభై కిలోమీటర్లని తేలింది. లోపల ఎందరున్నారో కొలిచే లెక్క ఆవిడ దగ్గర లేదు.

పదమూడో రోజు మధ్యాహ్నం ఒక పెద్ద బోటు మమ్మల్ని చూసింది. అప్పటికి దానయ్య ఒక్కడే బతికి ఉన్నాడు.

నెల తర్వాత అతను నన్ను గోనెసంచిలో ఇందుమతి గారి ఆఫీసుకు తెచ్చాడు. "అమ్మా, మా బావ రోజూ పొద్దున ఈ బొత్తం పట్టుకుని మాటాడినాడు. మీకు ఇనపడ్లేదా?"

"అది మైకు కాదండీ... నీటి వేడి చూసేది" అన్నారావిడ.

ఆ సాయంత్రం, కంప్యూటరు పారేసిన అంకెలన్నీ ఆవిడ వెతికి తీశారు. ప్రతి పొద్దున ఆరింటికి ఒకే వేడి, ముప్పైనాలుగు డిగ్రీలు. అలా పన్నెండు రోజులు. బల్ల మీద తల వాల్చి ఆవిడ వెక్కివెక్కి ఏడ్చారు.

ఇప్పుడు నేను ఆ ఆఫీసు హాల్లో అద్దాల పెట్టెలో ఉన్నాను. బంగాళాఖాతపు సుడిని కొలిచిన పరికరమట. చూడటానికి వచ్చినవాళ్లు మెచ్చుకుని పోతారు. ఆఫీసు పదింటికి గాని తెరవరు. ఆరింటికి నా బొత్తం చల్లగా ఉంటుంది.