తొమ్మిదో అల తర్వాత

చల్లటి నీళ్లు. ఆగస్టు నడివేసవిలో కూడా ఎముకలు కొరికే నీళ్లు.

మా ఊరి దగ్గర లన్సాదా సముద్రతీరంలో నడుము లోతున నిలబడి, పొట్ట మీద తొమ్మిది అలలు కొట్టించుకున్నాను.

పిల్లలు లేనివాళ్లకు మా వైపు అదే మందు. పెళ్లయ్యాక ఏడేళ్లు ఎదురుచూసి ఆ అలల్లోకి దిగాను. ఎనిమిదో ఏట నా కూతురు సబేలా పుట్టింది.

ఆ సబేలా ఇరవై ఆరేళ్లకు వచ్చి చెప్పింది — తన అండాలు దానం చేస్తుందట. వీగో పట్నంలో, ఆసుపత్రిలో. ఎవరికో. పేరు చెప్పరట. బిడ్డ పుట్టిందో లేదో కూడా చెప్పరట.

నాకు ఒళ్లు మండింది.

"నా మనవడు లోకంలో తిరుగుతుంటే నాకు తెలియదా?"

"నీ మనవడు కాదమ్మా. వాళ్ల బిడ్డ."

"అంత కావాలంటే వాళ్లనీ వచ్చి అలల్లో నిలబడమను!"

"నిలబడే ఉంటారు. అందరికీ నీ అదృష్టం ఉంటుందా?"

విసురుగా లేచి గిన్నెలు తోమడం మొదలుపెట్టాను.

తర్వాత పరీక్షలు. రక్తం, స్కాన్లు. కాగితం నిండా ప్రశ్నలు — మా అమ్మ దేనితో పోయింది, మా నాన్నకు చక్కెర జబ్బు ఉండేదా... అన్నీ నన్నే అడిగింది. ఇంట్లో ఏదో జబ్బుందని ఒక్క అబద్ధం చెబితే అంతా ఆగిపోయేది. నాలుక చివరిదాకా వచ్చింది.

చెప్పలేదు.

ఆ తర్వాత సూదులు. ఫ్రిజ్‌లో జున్ను పక్కన పెట్టింది. రోజూ సాయంత్రం, బొడ్డు పక్కన పొడుచుకోవాలి. మొదటి రోజు దాని చెయ్యి వణికింది.

"ఇటివ్వు," అన్నాను. తీరం బురదలో అమ్ముకునే గుల్లలు తవ్వీ తవ్వీ మొద్దుబారిన చేతులు నావి. వణకవు.

పొడిచాను. "ఒకటో అల," అన్నాను. ఎందుకన్నానో!

అది పకపకా నవ్వింది.

రెండో అల. మూడో అల... పొట్ట ఉబ్బింది. వంగొద్దన్నారు, బరువులెత్తొద్దన్నారు. గుల్లలకు నేనొక్కదాన్నే వెళ్లాను.

"ఏమే, మీ అమ్మాయికి బద్ధకమా?" అని తోటివాళ్లు దెప్పారు.

"మహారాణి మరి!" అన్నాను. లోపల మాత్రం గర్వంగా ఉంది.

తొమ్మిదో రోజు పొడిచి, "హమ్మయ్య, అయిపోయింది," అన్నాను.

"ఇంకా రెండున్నాయమ్మా."

"తొమ్మిదే కదా?"

"అది నీ లెక్క. ఇది నా అండాలు తీసుకునే ఆవిడ లెక్క."

ఆవిడ... అప్పటిదాకా ఆవిడ గురించి ఆలోచించనే లేదు నేను. నాకు తొమ్మిది సరిపోయాయి. ఆవిడకు సరిపోలేదు, పాపం.

మిగతా రెండూ మెల్లగా పొడిచాను.

చివరికి ఆ రోజు వచ్చింది. అండాలు తీసే రోజు.

"భయంగా ఉందా?"

"ఉంది."

"మానేస్తావా?"

"మానను."

ఎంత గుండె దానిది! నా కడుపున పుట్టిందంటే నాకే నమ్మబుద్ధి కాలేదు.

మత్తిచ్చి లోపలికి తీసుకెళ్లారు. ఇరవై నిమిషాలే అన్నారు. బయట కూర్చున్నాను. పక్కన ఒకావిడ, నలభై దాటి ఉంటాయి. చేతిసంచిని రెండు చేతులా పట్టుకుంది. ఎవరో... ఎందుకొచ్చిందో.

"మీ అమ్మాయి లోపలుందా?" అంది.

"ఉంది."

"బిడ్డ కోసమా?"



"ఆ... బిడ్డ కోసమే."

ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "మీ మనవడు మీ చేతుల్లో చల్లగా పెరగాలి."

"ఎవరి చేతుల్లోనైనా సరే," అన్నాను, "చల్లగా పెరగాలమ్మా."

ఆవిడ నా మొహంలోకి చూసింది. చెయ్యి మాత్రం వదల్లేదు.