గొడుగు దొర

చౌడయ్య తువ్వాలుని గుండ్రంగా చుట్టి నెత్తిమీద పెట్టుకుని, రెండు అరిచేతులతో ఒత్తి చూసుకుని, "ఊఁ, దించు" అన్నాడు. సినిమా హాలు గేటు దగ్గర టిక్కెట్లు చింపే పుల్లయ్య బల్ల మీద నుంచొని బొమ్మని మెల్లగా దించాడు. వెదురు బద్దల చట్రం తువ్వాలు చుట్ట మీద కూచుంది. లోపల చీకటయింది. చింతగింజల జిగురు వాసన, పాత కాగితాల వాసన, నిన్నటి చెమట వాసన కలిసి ముక్కుకి తగిలాయి. బొమ్మ కోటుకి రెండో గుండీ దగ్గర చిన్న కంత ఉంది. చౌడయ్యకి లోకం కనిపించేది అందులోంచే.

"కాళ్లియ్యి" అంటూ పుల్లయ్య కిందకి దిగి, నూనెలో కలిపిన మసిని గుడ్డతో తీసి అతని పాదాలకి చీలమండల పైదాకా పూశాడు. దొరకి బూట్లుండాలి. బూట్లు కొనడం దండగని మేనేజరు తిరుపతిరావు గారు కనిపెట్టిన ఉపాయం అది. రోహిణి కార్తె ఎండలో, బెజవాడ తారురోడ్డు మీద, మసి పూసిన ఉత్తకాళ్లతో నడవడం ఎలా ఉంటుందో ఆయనకేం తెలుసు? ఆయన కాళ్లకి కిర్రుచెప్పులున్నాయి.

మద్రాసు నుంచి వచ్చే ఇంగ్లీషు పేపర్లో రోజూ గళ్లు గీసి, గడికో బొమ్మ వేసి ఒక తమాషా కథ నడుపుతుండేవారు. అందులో ఒక పొట్టి దొర, గుమ్మడికాయంత తల, చీపురుకట్ట మీసం, గాలికి ఎప్పుడూ ఎగిరిపోయే గొడుగు. ఆ గళ్లలోని దొరని అమెరికా వాళ్లు కదిలే బొమ్మగా చేసి చిన్న పిక్చరు తీశారు. అసలు సినిమాకి ముందు అది వేస్తారు. అసలు సినిమా పౌరాణికం, ఊరంతా ఎప్పుడో చూసేసింది. ఈ వేసవిలో గాంధీనగరంలోని ఆ హాలుకి జనం వస్తున్నారంటే గొడుగు దొర పుణ్యమే. పిల్లలు ఏడ్చి ఏడ్చి పెద్దవాళ్లని లాక్కొస్తున్నారు.

అది చూసి తిరుపతిరావు గారు పేపర్లో బొమ్మ కత్తిరించి, వన్ టౌనులో తిరునాళ్లకి బుట్టబొమ్మలు కట్టే మేదరి చేతిలో పెట్టాడు. పేపర్లో దొర ముఖం ఉంది గాని వెనక ఎలా ఉంటాడో లేదు. మేదరి ఆలోచించి, మగాడన్నాక ఉండేదేగా అని, వెనకవైపు కొబ్బరిపీచుతో ఇంత పొడుగు పిలక కట్టి ముడేశాడు. ముందు నుంచి చూస్తే దొర, వెనక నుంచి చూస్తే పురోహితుడు. మేనేజరు నానా తిట్లూ తిట్టాడు గాని, ఊడబీకితే కాగితం చిరుగుతుందని అలాగే ఉంచేశారు. బొమ్మ నెత్తిన కాగితం గొడుగు కట్టారు. దాని నీడ బొమ్మ తలకే గాని లోపలి తలకి కాదు. తెల్లవాడి చేత తన్నులు తింటూ తెల్లవాడి బొమ్మకి కూడా గొడుగు పట్టే జాతి మనది, ఇక ఒకళ్లని అనుకుని ఏం లాభం!

చౌడయ్యది పెడన. తాత, తండ్రి, తను, ముగ్గురూ ఒకే మగ్గం గుంటలో కాళ్లు పెట్టి బతికినవాళ్లు. యుద్ధం వచ్చి నూలుకి కంట్రోలు పెట్టారు. కంట్రోలంటే మరేం కాదు, నేసేవాడికి దొరక్కుండా దాచుకునేవాడికి దొరకడం. షావుకార్ల కొట్ల వెనక నూలు బేళ్లు దొంతర్లు దొంతర్లుగా ఉండేవి. పర్మిటు పట్టుకెళ్లిన చౌడయ్యకి మాత్రం స్టాకు లేదు. మగ్గం గుంటలో కోడి గుడ్లు పెట్టడం మొదలెట్టాక మొగుడూ పెళ్లాలు మూట కట్టుకుని బెజవాడ వచ్చేశారు. పెళ్లాం రావమ్మకి రైసు మిల్లులో చెరిగే పని దొరికింది. ఇతను దొరయ్యాడు. మొన్న జర్మనీ ఓడిపోయిందని హాలు ముందు టపాకాయలు కాల్చారు. నూలు మాత్రం రాలేదు. నెత్తిన చుట్టే ఎర్రంచు తువ్వాలు అతని మగ్గం మీంచి దిగిన ఆఖరి గుడ్డ.

బొమ్మ లోపల ఆడమంటే అతనికి ఆటేం వచ్చు? కాళ్లకి తెలిసిందల్లా మగ్గం కింద చెక్కలు తొక్కడం. కుడి, ఎడమ, కుడి, ఎడమ. అదే తొక్కాడు. పైన దొర అటూ ఇటూ ఊగాడు. బెజవాడ పిల్లలు గొడుగు దొర నడకంటే అదేననుకుని వీధుల్లో అలాగే నడవసాగారు. చౌడయ్యకి మాత్రం మనసులో పీకుతూనే ఉంది. తెర మీద దొర ఎలా నడుస్తాడో తను చూళ్లేదు. తప్పు నేత నేస్తున్నానేమోనని భయం.

హాల్లోనే పని కదా, చూడకపోవడమేమిటంటారా? అక్కడే ఉంది అన్యాయం. ముందుగా వేసేది ఆ చిన్న పిక్చరే. ఆలస్యంగా వచ్చేవాళ్ల కోసం ఆ సేపంతా చౌడయ్య గేటు ముందు ఆడుతూ ఉండాలి. పుల్లయ్య గేటు వేసి వచ్చి బొమ్మ ఎత్తేసరికి లోపల నారదుడు పాట అందుకుంటాడు. ఆ సినిమా చౌడయ్యకి అక్కర్లేదు. దేవుళ్లు అతనికి తెలియనివాళ్లు కాదు.

గోడవతల నుంచి విని విని చిన్న పిక్చరంతా అతని చెవులకి కంఠతా వచ్చేసింది. ముందు గాలి ఈల. తరువాత గిన్నెలు దొర్లిన చప్పుడు, పిల్లల కేరింతలు. ఆ తరువాత ఒకచోట సంగీతం ఆగిపోతుంది. హాలు హాలంతా ఊపిరి బిగపడుతుంది. అప్పుడు ఆడవాళ్ల గొంతుల్లోంచి "అయ్యో!" అని వినిపిస్తుంది. నవ్వు ఆ తరువాత. నవ్వించే బొమ్మ దగ్గర అయ్యో ఏమిటి? పుల్లయ్యనడిగితే, "నేను టిక్కెట్లు చూసుకోనా, బొమ్మ చూస్తా కూచోనా?" అన్నాడు. పిల్లల్నడిగితే చెప్పబోయి ఒకళ్ల మీద ఒకళ్లు పడి నవ్వారు.

ఇవాళే ఆఖరి రోజు. రేపు రీలూ బొమ్మా కలిసి గుడివాడ వెళ్లిపోతాయి. హాలు వరండాలో మేనేజరు చెప్పుల చప్పుడు వినిపించగానే చౌడయ్య కంతలోంచి పిలిచాడు.

"బాబుగారూ, ఇయ్యాలే ఆఖరండీ. ఒక్కసారి సూస్తానండీ."

"నీ నస పడలేకుండా ఉన్నానయ్యా. సరే, ఫస్టు షోకి లోపలికి పంపిస్తాలే. పొద్దుటి నుంచి బాగా తిరుగు మరి. హౌస్ ఫుల్ అవ్వాలి."

బొమ్మ లోపల చౌడయ్య చేతులు జోడించాడు. అది బయటికి కనిపించలేదు.

గవర్నరుపేట తిరిగాడు. ఏలూరు కాలువ వంతెన దాటి వన్ టౌను బజారంతా తిరిగాడు. ముందు డప్పు, వెనక పిల్లలు. బట్టల కొట్టు అరుగు మీద విసనకర్రతో కూచున్న షావుకారు, దొర పిలక చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు. ఎండ నెత్తికెక్కేసరికి అరికాళ్లు బొబ్బలెక్కి, కాసేపటికి వాటి నొప్పి కూడా తెలియడం మానేసింది.

మధ్యాన్నం కాలువ గట్టు మీద రావమ్మ మజ్జిగ చెంబుతో ఎదురొచ్చింది. మిల్లులో అన్నాలకి వదిలిన వేళ అది. జనం మధ్య బొమ్మ తియ్యకూడదని మేనేజరు కట్టడి. తీస్తే బొమ్మ చచ్చినట్టేనంటాడు. రావమ్మ అటూ ఇటూ చూసి, వంగి, దొర కోటు కింద నుంచి చెంబు లోపలికి పెట్టింది.

"తాగు. ఉప్పేశాను."

కాస్త తాగి చెంబు వెనక్కిచ్చాడు. "వద్దే. వికారంగా ఉంది."

ఆమె చెయ్యి లోపలికి పోనిచ్చి అతని మోకాలు పట్టుకు చూసింది. "ఏమయ్యో, ఒళ్లు పెనంలా కాల్తంది! చెమటేదీ?"

"పొద్దుటే ఆగిపోయింది. మంచిదేగా, కళ్లలో పడి మండేది."

"పద ఇంటికి. ఈ దొరతనం మనకొద్దు."

"సాయంత్రం బొమ్మ సూపిత్తానన్నాడే మేనేజరు. ఈ ఒక్క పూటేగా."

"వాళ్ల బొమ్మ తగలెయ్య!" అంది రావమ్మ. మిల్లు కూత కూసింది. వెళ్లకపోతే పనిలో ఉండనివ్వరు. నాలుగడుగులకోసారి వెనక్కి చూసుకుంటూ వెళ్లిపోయింది.

ఫస్టు షో వేళకి హాలు ముందు జట్కాలు బారులు తీరాయి. ఎవరో పెద్ద ఆఫీసరు గారు పిల్లల్ని తీసుకుని కారులో దిగారు. తిరుపతిరావు గారు వంగి వంగి దండాలు పెట్టి, వాళ్లని కుర్చీల్లో కూచోబెట్టి వచ్చాడు.

"చౌడయ్యా, నీ అదృష్టం పండింది. అన్న మాట ప్రకారం లోపలికే పంపిస్తున్నా. తెర కింద నుంచొని, పిక్చరు నడిచినంతసేపూ నువ్వూ ఆడు. ఆఫీసరు గారి పిల్లలు ముచ్చటపడతారు. జనం వైపే తిరిగుండాలి సుమా. వెనక్కి తిరిగావో, ఆ పిలక కనిపించి మన పరువు పోతుంది."

"మరి నేను సూసేదెట్టాగండీ?"

"లోపలే ఉంటావు కదయ్యా!"

ఇంతకన్నా దొంగమాట ఎవడైనా అనగలడా? మేనేజరు అన్నాడు. అని, భుజం మీద తట్టినట్టు బొమ్మ మీద తట్టి వెళ్లిపోయాడు.

దీపాలు ఆరిపోయాయి. వీపు వెనక గాలి ఈల వేసింది. కంతలోంచి చౌడయ్యకి నేల మీద కూచున్న జనం ముఖాలు కనిపించాయి. వాటి మీద వెలుగూ నీడా పరుగెడుతున్నాయి. నాన్నల భుజాలెక్కిన పిల్లలు, అడ్డగోడ పక్కన ఆడవాళ్లు, తమలపాకు నమలడం మర్చిపోయిన ఒక ముసలమ్మ. చౌడయ్య కుడి, ఎడమ తొక్కుతూనే ఉన్నాడు. తన కాళ్లు తనవేనా అన్నట్టుంది. రేకుల కప్పు కింద హాలు ఉడుకుతోంది. అతనికి మాత్రం చలి వేస్తోంది.

గిన్నెలు దొర్లాయి. నవ్వులు. ఆ తరువాత సంగీతం ఆగింది.

అన్ని ముఖాలూ ఒక్కసారిగా మెత్తబడ్డాయి. ముసలమ్మ చెంపకి చెయ్యి చేర్చుకుంది. అందరి కళ్లలోనూ ఉంది ఆ బొమ్మ, తన కళ్లకి తప్ప. చౌడయ్య వెనక్కి తిరిగాడు.

దొర నెత్తిన పిలక చూసి హాలు పగలబడింది. ఈలలు వేశారు. కుర్చీల్లో ఆఫీసరు గారి పిల్లలు లేచి నుంచున్నారు. పక్క తలుపు దగ్గర నుంచి మేనేజరు, "తిరుగు! ఇటు తిరుగవయ్యా!" అని పళ్లు కొరుకుతున్నాడు. షావుకారు కూచోమంటే కూచున్నాడు, పర్మిటు గుమస్తా రేపు రమ్మంటే రేపు వచ్చాడు, కాళ్లకి మసి పూస్తే పూయించుకున్నాడు. చౌడయ్య బతుకులో మొదటిసారి చెప్పిన మాట వినలేదు.

తెర మీద వాన కురుస్తోంది. దొరకి ఆఖరికి గొడుగు దొరికింది. దారి పక్కన తడిసి వణుకుతున్న కుక్కపిల్ల ఒకటుంది. దొర గొడుగు వైపు చూశాడు, కుక్కపిల్ల వైపు చూశాడు. గొడుగు కుక్కపిల్ల మీద ఆనించి, తను వానలో తడుస్తూ వెళ్లిపోయాడు. నడకా అది? కప్ప గెంతు! వెనకాల పిలకా లేదు ఏమీ లేదు, నున్నటి గుండు. చౌడయ్యకి బొమ్మ లోపల నవ్వొచ్చింది.

"ఓర్నీ, ఇదా!" అనుకున్నాడు.

బొమ్మ మెల్లగా ముందుకి ఊగి, తెర కింద అరుగుకి ఆనుకుని కూచుండిపోయింది. అదీ ఆటలో భాగమేననుకుని జనం చప్పట్లు కొట్టారు. నారదుడు పాట అందుకున్నాడు. ఇంటర్వెల్ లో పుల్లయ్య వచ్చి, "లే చౌడయ్యా, చూశావుగా" అని బొమ్మ పట్టుకు కుదిపాడు. వంగి లోపలికి చూసి, కేక పెట్టబోయి నోరు మూసుకున్నాడు.

పరుగెత్తుకొచ్చిన మేనేజరు ముందు అడిగిన మాట, "బొమ్మ చిరిగిందా?" అని. తరువాత అన్న మాట, "ఆఫీసరు గారున్నారు, గొడవ చెయ్యకండి. బొమ్మతోపాటే పక్క తలుపులోంచి తీసుకుపొండి" అని. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటారు. ఇక్కడ చెలగాటం కూడా కాదు, వ్యాపారం. నలుగురు మోసుకొస్తుంటే, గొడుగు దొర పడుకుని ఊరేగుతున్నాడని బయట పిల్లలు చప్పట్లు కొడుతూ వెంటపడ్డారు. పిల్లల తప్పేం లేదు.

బండి మీదకి ఎక్కించేటప్పుడు బొమ్మ తీసేశారు. కృష్ణలంక గుడిసె ముందు రావమ్మ ఆ కాళ్లు ఒళ్లో పెట్టుకుని కుంకుడు పులుసుతో కడిగింది, బూడిదతో తోమింది. మసి వదల్లేదు. పక్కింటామె చెయ్యి వెయ్యబోతే, "రుద్దబాకమ్మా, తోలొస్తంది" అంది.

తెల్లవారి పాడె కడుతుంటే, ముఖాన కప్పడానికి అతను నేసిన తువ్వాలు గుర్తొచ్చి హాలుకి పరుగెత్తింది. పుల్లయ్య తల వంచుకుని రోడ్డు వైపు చెయ్యి చూపించాడు. గుడివాడ బస్సు కదిలిపోతోంది. టాపు మీద తాళ్లతో కట్టిన దొర మీసం మెలేసుకుని నవ్వుతున్నాడు. అతని లోపల, వెదురు చట్రానికి అంటుకుపోయి, ఎర్రంచు తువ్వాలు ఇంకా ఒక మనిషి తలంత గుండ్రంగా ఉంది.