సొరంగానికి రెండు బాణాలు

సర్కారుకు కావలసింది ఒక్క టిక్కు. పట్టణ రవాణా ప్రణాళిక, ప్రాంతీయ ప్రణాళిక ఒకదానికొకటి అడ్డు రావడం లేదని ఫారం చివరి గడిలో టిక్కు పెడితే చాలు, అనుమతి చక్కా వచ్చేస్తుంది. ఈ సంగతి ప్లానింగ్ మేడమ్‌కి తెలిసినంతగా ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు. పదకొండేళ్ళుగా పట్టణం తరఫున ఆ టిక్కు పెడుతున్నది ఆవిడే మరి.

ఆ సోమవారం పొద్దున్న ఏడూ ముప్పావుకి, ఆఫీసుకి ఇంకా ఎవరూ రాకముందే, ఆవిడ రెండు ప్రణాళికల మ్యాపులూ గోడకి పక్కపక్కన అతికిస్తోంది. పైవాళ్ళు తనిఖీకి వస్తున్నారు, గోడ నిండుగా కనబడాలి కదా. అంతకుముందు ఆ రెండు మ్యాపులూ ఒకచోట చేరిందే లేదు. టేపు పంటితో తెంపుతూ అలవాటుగా అటు చూసింది. కొండ కింది సొరంగం దగ్గర తమ మ్యాపులో వన్‌వే బాణం తూర్పుకి ఉంది. ప్రాంతీయ మ్యాపులో పడమరకి ఉంది.

ఆ సొరంగంలో ఒక్క బండే పడుతుంది. రెండు బాణాలూ ఆరోజు ఎనిమిది గంటల నుంచే అమలు. తూర్పుకి పోయేది నాలుగో నంబరు బస్సు, ఎదురుగా వచ్చేవి క్వారీ లారీలు. ఆ బస్సు నడిపేది ఆవిడ అన్నయ్య.

అన్నయ్యకి ఫోన్ చేస్తే స్విచాఫ్. బండి కదిలే ముందు డ్రైవర్లు ఫోన్లు ఆపేసి పెట్టెలో పెట్టి తాళం వేయాలని నిబంధన రాసింది కూడా తనే. "నీ రూళ్ళకో దండమే తల్లీ" అని అన్నయ్య నవ్వడం గుర్తొచ్చి ఏడుపొచ్చింది. డిపోకి చేస్తే బస్సు వెళ్ళిపోయిందన్నారు. వెంటనే ప్రాంతీయ ఆఫీసరుకి చేసింది.

"సార్, సొరంగం! మీ లారీలు ఆపించండి!"

"అదేంటి మేడమ్, అడ్డేమీ లేదని మీరే టిక్కు పెట్టారుగా?"

"మీ టిక్కు చూసి పెట్టాను సార్."

"మీరెలాగూ చూస్తారు కదా అని మేం ముందే పెట్టేశాం," అన్నాడాయన. "లారీలు బయల్దేరిపోయాయి. ప్రయత్నిస్తాను."

ఇక ఆయన్ని నమ్ముకుంటే అయినట్టే. స్కూటరు మీద పడింది. దారిలో హారన్ వినిపించినప్పుడల్లా ప్రాణం పోయినంత పనవుతోంది. సొరంగం దగ్గర ఉండేది గేటు తాత ఒక్కడే, ఆయనకి ఫోను కూడా లేదు. పోయిన వారం ఆయన ఆఫీసుకొచ్చి, ప్రాంతీయ ఉత్తర్వు కాపీ కూడా కావాలని గుమ్మంలో కూర్చున్నాడు. "నీకెందుకు తాతా, ఎత్తమన్నప్పుడు గేటెత్తు" అని విసుక్కుని, పీడ వదిలించుకోవడానికి దాని జిరాక్సు ఒకటి చదవకుండానే చేతిలో పడేసింది.

ఎనిమిదీ నాలుగు. మలుపు తిరగడానికి భయమేసి కళ్ళు సగం మూసుకుంది. తెరిచి చూస్తే బస్సు గేటు ముందు ఆగి ఉంది. ప్రయాణికులు దిగి చిరాకు పడుతున్నారు. రెండు చివర్ల గేట్లూ ఎత్తే మీట పక్కన తాత స్టూలేసుకుని కూర్చున్నాడు, చేతిలో రెండు కాగితాలు.

"ఇందులో అటన్నారు, ఇందులో ఇటన్నారు. రెండిటి మీదా గవర్నమెంటు ముద్రుంది," అన్నాడు ఆవిణ్ణి చూసి. "మళ్ళీ కింద అడ్డేమీ లేదని టిక్కొకటి! ఏది నిజమో తేలేదాకా ఏ గేటూ ఎత్తనమ్మా, ఉద్యోగం ఊడినా సరే."

"చూడవే ఈయన చాదస్తం, అందరూ నన్ను తిడుతున్నారు," అంటూ అన్నయ్య వచ్చాడు. ఇంతలో సొరంగం అవతలి నుంచి లారీ హారన్ మోగింది. దాని వెనక ఇంకొకటి, ఇంకొకటి. అన్నయ్య తాత చేతిలోని కాగితాలు లాక్కుని చూశాడు.

"ఎవరే ఆ టిక్కు పెట్టింది?"

అబద్ధం నోటి దాకా వచ్చింది. "నేనే అన్నయ్యా. చూడకుండా పెట్టాను."

అన్నయ్య దేనికైనా నవ్వే మనిషి. ఇప్పుడు నవ్వలేదు, తిట్టనూ లేదు. చెల్లెలికి వీపు తిప్పి, రోడ్డు మీద నిలబడ్డ ప్రయాణికులను వేలితో ఒక్కొక్కరినే లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ముప్ఫై ఒకటి దగ్గర ఆగి, తనని కూడా కలుపుకున్నాడు.