అద్దాలు తాగే నీళ్లు

అమీనా తాగింది ఒక్క గుక్కెడు నీళ్లు. అంతకే భిక్షపతి ఆమె మూతి మీద కర్రతో కొట్టాడు. సోలార్ అద్దాలు తుడిచే పొడుగాటి బ్రష్షు కర్ర అది. పెదవి చీలింది, ముందు పన్ను ఊడి మట్టిలో పడింది.

పక్క వరసలో అద్దాలు కడుగుతున్న బీరమ్మ బ్రష్షు పారేసి ఉరికొచ్చింది. కొంగు పిల్ల నోటికి అదిమిపెట్టి, "నీళ్లు తాగితే కొడ్తరా సారూ ఎవలన్న?" అంది.

"అవి తాగే నీళ్లు గావు. అద్దాలకు పోసే నీళ్లు," అన్నాడు భిక్షపతి. కంపెనీ పని కాంట్రాక్టుకు తీసుకున్నవాడు అతనే. "ఇయ్యాల గుక్కెడు అంటరు, రేపు బిందెలు పట్టుకొస్తరు. నడువుండ్రి పనికి."

నక్కలబండ ఊరి కథంతా ఆ నీళ్లలోనే ఉంది మరి. ఊరి మేకలు మేసే బంజరులో కంపెనీ ఈ అద్దాలు పరిచింది. ఎక్కడో బొగ్గు కాల్చి ఆకాశాన్ని మసి చేసిన కంపెనీయే ఇది. ఆ పాపం ఇక్కడ ఎండతో కడుక్కుంటున్నానని చెప్పుకుంటుంది. గేటు మీద పచ్చటి ఆకు బొమ్మ, దాని కింద "పొగ లేని కరెంటు, మచ్చ లేని నేల" అని రాత. మచ్చల సంగతి ఊరి పిల్లల పళ్లు చూస్తే తెలుస్తుంది.

ఊరి బోరు నీళ్లనిండా ఫ్లోరైడు. ఎముకలను వంచే నీళ్లు. సర్కారు నల్లా వచ్చాక జనం కృష్ణ నీళ్లు తాగి కాస్త తెరిపిన పడ్డారు. అంతలో కంపెనీ తన కరెంటు తీగ కోసం కందకం తవ్వి ఆ పైపు తెంపింది. బాగు చేయమంటే కంపెనీ సర్కారును చూపింది, సర్కారు కంపెనీని చూపింది. ఊరు మళ్లీ బోరు పాలైంది. అదే బోరు నీళ్లను కంపెనీ మాత్రం మిషన్లో వడగట్టి అద్దాలు కడుగుతుంది. వడగట్టకపోతే అద్దం మీద తెల్లటి పొర కట్టి కరెంటు తగ్గుతుందట.

బీరమ్మ మొగుడు గుర్వయ్య నడుము కొడవలిలా వంగిపోయింది, మెడ బిగుసుకుపోయింది. ఆకాశం చూడాలంటే పక్కకు తిరిగి పడుకోవాలి. అతని సంగతి అయిపోయింది. కానీ మనవరాలు దీప్తి మోకాళ్లు నడుస్తుంటే ఒకదానికొకటి తగులుతున్నాయి. నల్లగొండ దవాఖానలో డాక్టరమ్మ, "నీళ్లు మార్చకపోతే ఈ పిల్లకు కూడా తాత నడుమే వస్తుంది," అంది. బీరమ్మ చెవిలో ఆ మాట ఒకటే మోగుతుంది.

ఆ సాయంత్రం అమీనా బాపు కరీం సైకిల్ షాపు ముందు ఊరంతా చేరింది. డిగ్రీ చదివే సైదులు పంక్చర్లు చూసే నీళ్ల తొట్టి బోర్లించి దాని మీద నిలబడ్డాడు.

"రాళ్లు పట్టుండ్రి. తెల్లారేసరికి ఒక్క అద్దం మిగలొద్దు."

ఔనౌనని పొరగాళ్లు లేచారు. బీరమ్మ వాళ్లకు అడ్డం నిలబడింది.

"అద్దం నిన్నేం జేసిందిరా? బొగ్గు పొగ కంటే ఎండ కరెంటు మంచిదే గద. ఎండ మనది, జాగ మనది, నీళ్లు మనయి. కంపెనోనిదల్ల గేటు ఒక్కటే."

"అయితే ఏం జేద్దాం పెద్దమ్మా? గేటుకు దండం పెడదామా?" అన్నాడు సైదులు.

పొరగాళ్లు నవ్వారు. వాచిన పెదాలతో అమీనా మెల్లగా అంది: "మనం తాగే నీళ్లే అద్దాలకు తాపుదాం."

నవ్వులు ఆగిపోయాయి.

"నౌకరీలు పోతయి బిడ్డా," అన్నాడు కరీం.

"పన్ను పోయింది గద అబ్బా. ఇంక దేనికి ఫికరు?"

కంపెనీ ఎంత పొగ ఆపిందో చూసి మెచ్చుకోవడానికి పట్నం నుంచి పెద్దమనుషులు వచ్చిన రోజే ఆ పని చేశారు. ఆడవాళ్లంతా బోరు నీళ్లు బిందెలతో మోసి వరసలన్నీ కడిగారు. ఎండ ఎక్కేసరికి నల్లటి అద్దాలు సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి.

పెద్దమనుషుల వెంట వచ్చిన కంపెనీ ఆఫీసరు సుచరిత ఒక అద్దం మీద వేలితో గీసి చూసింది. "ఏమిటిది? ఏం పోశారు?"

"ఊరి నీళ్లు మేడం," అంది బీరమ్మ. "మీ అద్దాలకు ఒక్కపూటకే గిట్లయింది. మా పిల్లలు రోజు తాగుతున్నరు."

పెద్దమనుషులు కార్లెక్కారు. వాళ్ల వెనకే గేటు పడింది, ఆడవాళ్లు లోపల చిక్కారు. భిక్షపతి మనుషులు కర్రలతో, ఇనుప రాడ్లతో దిగారు. వరసల మధ్య తరిమి తరిమి కొట్టారు. అద్దాల తెల్లపొర మీద నెత్తురు చారికలు కట్టింది. బీరమ్మ మణికట్టు విరిగింది. ఒక రాడ్డును అమీనా రెండు చేతులా పట్టుకుని వదల్లేదు. వాడు ఎంత గుంజినా వదల్లేదు.

అరుపులు విని ఊరు గేటు మీద పడింది. గేటు ఊగింది, కూలింది. జనం ఉప్పెనలా లోపలికొచ్చారు. భిక్షపతి నీళ్ల ట్యాంకరు ఎక్కి డ్రైవరు భుజం గుద్దాడు.

"తొక్కియ్యి. వాళ్లే జరుగుతరు."

జనం జరిగారు. కర్ర ఊతంతో పెళ్లాం కోసం వస్తున్న గుర్వయ్య జరగలేదు. "తాతా, బండి" అని అరిచారు. తల ఎత్తితే కదా బండి కనపడేది. అతని మీదుగా పోయి ట్యాంకరు ఆగింది.

పోలీసులు అప్పుడొచ్చారు. ముసలాయన తనే వచ్చి బండి కింద పడ్డాడని సీఐ తేల్చేశాడు. శవాన్ని వ్యానులో వేయమన్నాడు. కరీం సైకిల్ షాపు ముందున్న నులకమంచం తెచ్చి శవాన్ని దాని మీదికి ఎత్తించాడు. బీరమ్మ ఏడవలేదు. ఒంటిచేత్తో మంచం కోడు పట్టుకుంది.

"ముందు తానం చేపియ్యాలె. ఆ నీళ్ల మిషను కాడికి పట్టుండ్రి."

"ఇంటి వాకిట్ల గదనే చేపిచ్చేది?" అన్నాడు కులపెద్ద వీరేశం.

"ఇంటికాడ ఏం నీళ్లున్నయి బావా?"

వీరేశం ఇంకో కోడు పట్టుకున్నాడు.

లాఠీలు లేచాయి. ముందు నడిచినవాడి తల పగిలింది, అతని చోటుకు ఇంకొకడు వచ్చాడు. వీరేశం మోకాళ్ల మీద పడ్డాడు, కోడు కరీం భుజం మీదికి మారింది. దెబ్బలు పడుతూనే ఉన్నాయి, భుజాలు మారుతూనే ఉన్నాయి. మంచం మాత్రం నేలకు దిగలేదు. సైదులు గడ్డపారతో నీళ్ల మిషను గది తాళం పగలగొట్టాడు.

గుర్వయ్యను వెల్లకిలా పడుకోబెడదామంటే ఒళ్లు ఒప్పుకోలేదు. ఒకవైపు తల లేస్తే ఇంకోవైపు కాళ్లు లేచాయి. పక్కకు తిప్పి పడుకోబెట్టారు. బీరమ్మ నల్లా తిప్పింది. వంగిన వెన్నుపూస మీద చేయి ఆనించి, నెత్తురు పోయేదాకా పోసింది. తర్వాత చెంబు కడిగి, నింపి, దీప్తి నోటికి పెట్టింది.

"తాగు బిడ్డా. ఎవ్వలు ఏమన్నా తాగు."

పిల్ల కడుపునిండా తాగింది.

సీఐ బీరమ్మను, అమీనాను, సైదులును వ్యానులోకి ఎక్కించాడు. వ్యాను విరిగిన గేటు దాటేసరికి దారి నిండా ఆడవాళ్లు. గుట్ట అవతలి ఊళ్ల వాళ్లు. వాళ్లవీ అవే నీళ్లు, వాళ్ల పిల్లలవీ అవే కాళ్లు. చంకల్లో ఖాళీ బిందెలు. లాఠీలు చూసి ముందు వరస తటపటాయించింది.

బీరమ్మ వ్యాను జాలీకి మొహం ఆనించింది.

"మిషను తాళం పలిగింది చెల్లే," అంది. "పట్టుకపోండ్రి."